కరెంటు పోయింది! కంప్యూటర్ ఏం చేయాలి?

అక్టోబరు నెల. సాయంకాలం నాలుగు గంటలు. నల్లమల వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. మార్కాపురంలోనో, గిద్దలూరులోనో ఒక ఉన్నత పాఠశాల ఉందనుకోండి. అక్కడి కార్యాలయంలో పదో తరగతి విద్యార్థుల పేర్లు, పుట్టిన తేదీలు, తల్లిదండ్రుల పేర్లు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నారు. నూట ఇరవై మందిలో నూరుమంది పూర్తయ్యారు. ఇంతలో ఈదురుగాలి వీచింది. ఎక్కడో ఒక చెట్టుకొమ్మ 11 కిలోవోల్టుల తీగల మీద వాలింది. సబ్‌స్టేషన్‌లో బ్రేకరు పడిపోయింది. గదిలో ఫ్యాను ఆగింది, దీపం ఆరింది.

కంప్యూటర్ మాత్రం ఆగలేదు! బల్ల కింద ఉన్న చిన్న పెట్టె “కీ... కీ...” అని అరవసాగింది. “బ్యాటరీ ఉందిగా, కరెంటు వచ్చేదాకా కానిద్దాం” అన్నారొకరు. పని సాగింది. పదిహేను నిమిషాల తరువాత ఆ పెట్టె పొడవుగా ఒక్క కూత కూసి ఊరుకుంది. తెర నల్లబడింది. నూరుమంది వివరాలూ పోయాయి.

తప్పు ఎక్కడ జరిగింది? బ్యాటరీ లేకనా? కాదు. బ్యాటరీ దేనికి ఉందో తెలియక. ఈ నెల మనం ఆ సంగతి తెలుసుకుందాం.

పలక, నోటుపుస్తకం

మార్కాపురం అనగానే మనకు పలకలు గుర్తుకొస్తాయి. మీ తాతల కాలంలో అక్షరాలు దిద్దిన నల్లరాతి పలకలు ఎన్నో ఈ ప్రాంతపు గనుల నుంచే వెళ్ళాయి. పలక మీద లెక్క చేస్తాం, తుడిచేస్తాం. పదికాలాలు ఉండవలసిన దాన్ని నోటుపుస్తకంలో రాసుకుంటాం.

కంప్యూటర్‌కూ ఒక పలక, ఒక నోటుపుస్తకం ఉన్నాయి. అప్పటికప్పుడు చేసే పనినంతా అది తాత్కాలిక జ్ఞాపకంలో, అంటే ర్యామ్‌లో, ఉంచుకుంటుంది. ఇదే పలక. మనం ‘సేవ్’ చేసినది డిస్కులోకి వెళుతుంది. అది నోటుపుస్తకం.

అయితే ఈ పలకకూ మార్కాపురం పలకకూ ఒక తేడా ఉంది. రాతిపలక మీది అక్షరం ఎవరో తుడిస్తేనే పోతుంది. ర్యామ్‌లోని అక్షరాలు వాటంతటవే చెరిగిపోతాయి! అందులో ఒక్కొక్క సంకేతం ఒక అతిచిన్న కెపాసిటర్‌లో విద్యుదావేశంగా నిలిచి ఉంటుంది. ఆ ఆవేశం కారిపోతూ ఉంటుంది. అందుకే కంప్యూటర్ ఆ సంకేతాలన్నిటినీ సెకనుకు పదిహేను సార్లకు పైగా మళ్ళీ మళ్ళీ దిద్దుతుంది. కరెంటు లేకపోతే దిద్దడం ఆగుతుంది. పలక ఖాళీ అవుతుంది.

ఇంకో ప్రమాదమూ ఉంది. గ్రంథాలయంలో కొత్త పుస్తకాన్ని అలమరలో పెట్టి, రిజిస్టరులో రాసే లోపల గుమాస్తాను ఎవరో పిలుచుకుపోయారనుకోండి. పుస్తకం ఉంది, కాని ఎక్కడుందో ఎవరికీ తెలియదు. డిస్కులో రాస్తూ ఉండగా కరెంటు పోతే ఇలాగే జరగవచ్చు. నేటి కంప్యూటర్లు చేయబోయే మార్పును ముందుగా ఒక చిట్టాలో రాసుకొని ఈ ప్రమాదాన్ని చాలావరకు తగ్గిస్తాయి. అయినా సగం రాసిన ఫైలు సగం ఫైలే కదా!

పెట్టెలో ఏముంది?

బల్ల కింద అరిచిన పెట్టెను యూపీఎస్ అంటారు. అందులో ముఖ్యంగా ఒక బ్యాటరీ, దాన్ని నింపే చార్జరు, బ్యాటరీలోని ఏకముఖ విద్యుత్తును 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తుగా మార్చే ఇన్వర్టరు ఉంటాయి. కరెంటు పోగానే చిన్న యూపీఎస్ పది మిల్లీసెకన్ల లోపే బ్యాటరీకి మారుతుంది. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు. ఆ కాస్త వ్యవధిలో కంప్యూటర్ ఎలా బతుకుతుంది? దాని విద్యుత్ సరఫరా భాగంలోని కెపాసిటర్లలో ఉన్న శక్తి దానికి ఆధారం.

చిన్న యూపీఎస్‌లలో ఎక్కువగా సీసపు బ్యాటరీ ఉంటుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టినది ఈ జాతి బ్యాటరీయే. ధనఫలక మీద లెడ్ డయాక్సైడు, రుణఫలక మీద మెత్తటి సీసం, వాటి నడుమ సజల గంధకామ్లం ఉంటాయి. కరెంటు తీసుకుంటున్నకొద్దీ రెండు ఫలకలూ లెడ్ సల్ఫేటుగా మారుతాయి, ఆమ్లం పలచబడుతుంది. చార్జి చేస్తే ఈ చర్య వెనక్కు నడుస్తుంది. ఒక్కొక్క ఘటం సుమారు 2 వోల్టులు. ఆరు ఘటాలు వరుసగా కలిపితే 12 వోల్టులు.

ఎన్ని నిమిషాలు?

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. బ్యాటరీ మీద “12 వోల్టులు, 7 ఆంపియర్-గంటలు” అని ఉందనుకుందాం.

12 × 7 = 84 వాట్-గంటలు.

కంప్యూటర్, తెర కలిసి 120 వాట్లు తీసుకుంటాయనుకుందాం. 84 ÷ 120 = 0.7 గంట. అంటే 42 నిమిషాలు. మరి మన కథలో పదిహేను నిమిషాలకే ఎందుకు ఆగింది?

మొదటి కారణం: ఇన్వర్టరు కొంత శక్తిని వేడిగా పోగొడుతుంది. నూటికి 80 పాళ్ళు కంప్యూటర్‌కు చేరుతుందనుకుంటే మిగిలేది 67 వాట్-గంటలు.

రెండవ కారణం ఇంకా పెద్దది. దాన్ని తెలుసుకోవడానికి మన మెట్టపొలంలోని బావి దగ్గరకు వెళదాం. బావిలో ఊట నెమ్మదిగా వస్తుంది. ఏతంతో తోడితే రోజంతా నీళ్ళుంటాయి. పెద్ద మోటారు పెట్టి గుంజితే కాసేపటికే మట్టం పడిపోయి మోటారు గాలి పీలుస్తుంది. కాసేపు ఆపితే మళ్ళీ ఊరుతుంది. బ్యాటరీ కూడా అంతే! ఫలకల రంధ్రాలలో ఉన్న ఆమ్లం ముందు ఖర్చవుతుంది. బయటి ఆమ్లం ఆ రంధ్రాలలోకి ఊరడానికి సమయం కావాలి. వేగంగా తోడితే ఊట చాలదు, వోల్టేజి పడిపోతుంది.

బ్యాటరీ మీద రాసిన 7 ఆంపియర్-గంటలు సాధారణంగా 20 గంటల పాటు నెమ్మదిగా తోడినప్పటి లెక్క. అంటే 0.35 ఆంపియర్ చొప్పున. మన కంప్యూటర్ కోసం ఇన్వర్టరు తోడేది 12 ఆంపియర్లకు పైనే! అప్పుడు దక్కేది సుమారు సగమే.

67 ÷ 2 = 33.5 వాట్-గంటలు. 33.5 ÷ 120 = 0.28 గంట. సుమారు 17 నిమిషాలు.

ఇదీ కొత్త బ్యాటరీ సంగతి. రెండు మూడేళ్ళు గడిచాక ఇందులో సగం దొరికినా అదృష్టమే. వేడి దీనికి శత్రువు. 25 డిగ్రీలను దాటి ప్రతి పది డిగ్రీలకూ ఈ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి తగ్గుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ప్రాంతంలో రేకుల గదిలో గోడ మూలన యూపీఎస్‌ను పెడితే అది ఎన్నాళ్ళు ఉంటుందో మీరే చెప్పండి.

తూము కింది నీళ్ళు

బ్యాటరీని చివరి చుక్క దాకా తోడవచ్చునా? కంభం చెరువును చూసినవారికి దీని జవాబు సులువు. గుండ్లకమ్మ మీద విజయనగర కాలంలో కట్టిన ఈ చెరువుకు 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. ఏ చెరువులోనైనా తూము మట్టానికి కింద ఉన్న నీరు కాలువలోకి పారదు. బ్యాటరీకీ అలాంటి మట్టం ఉంది. ఘటానికి 1.75 వోల్టులు, మొత్తం 10.5 వోల్టులు. అంతకంటె కిందికి తోడితే లెడ్ సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా మారి చార్జికి లొంగదు. అందుకే ఆ మట్టం దగ్గరకు రాగానే యూపీఎస్ తనంతట తానే ఆగిపోతుంది. కంప్యూటర్‌లో ఎవరి పని మిగిలి ఉందో అది చూడదు.

కాబట్టి కంప్యూటరే ముందుగా తెలుసుకొని, పద్ధతిగా ఆగిపోవాలి.

కబురు తెచ్చే తీగ

చాలా యూపీఎస్‌ల వెనుక ఒక యూఎస్‌బీ రంధ్రం ఉంటుంది. అక్కడి నుంచి కంప్యూటర్‌కు తీగ కలిపి, తగిన ప్రోగ్రామును పెట్టాలి. చాలాచోట్ల ఈ తీగ అట్టపెట్టెలోనే ఉండిపోతుంది! ఈ తీగ ద్వారా యూపీఎస్ మూడు ముఖ్యమైన కబుర్లు చెబుతుంది: “కరెంటు పోయింది, బ్యాటరీ మీద ఉన్నాను.” “బ్యాటరీ ఇంత మిగిలింది.” “ఇక అయిపోవచ్చింది.”

కబురు విని కంప్యూటర్ ఏం చేయాలి? ప్రోగ్రాములను మూయమనాలి. పలక మీద ఉన్నదాన్ని నోటుపుస్తకంలోకి ఎక్కించాలి. రిజిస్టరు సరిచేయాలి. తరువాత ఆగాలి. దీనికి రెండు నిమిషాలు పడుతుందనుకుందాం. నమ్మకం కోసం నాలుగు నిమిషాలు కేటాయించండి.

17 నిమిషాలున్నాయి కదా, 13 నిమిషాలు పని చేసుకొని అప్పుడు ఆపవచ్చుగా అంటారేమో. ఈదురుగాలి రోజున కరెంటు ఒక్కసారి పోయి ఊరుకోదు. పోతుంది, వస్తుంది, మళ్ళీ పోతుంది. ఖాళీ అయిన బ్యాటరీ నిండడానికి గంటల కొద్దీ సమయం కావాలి. మొదటిసారే 13 నిమిషాలు వాడేస్తే, ఐదు నిమిషాల తరువాత మళ్ళీ కరెంటు పోయినప్పుడు ఆపడానికి కూడా వ్యవధి చాలదు. మూడు నిమిషాలు చూసి ఆపితే రెండో దెబ్బకూ, మూడో దెబ్బకూ బ్యాటరీ మిగులుతుంది. క్షణకాలం పోయి వచ్చే కోతలు ఎలాగూ ఆ మూడు నిమిషాల్లోనే దాటిపోతాయి.

అందువల్ల మంచి నియమం ఇది: బ్యాటరీ మీద మూడు నిమిషాలు గడిచినా, “అయిపోవచ్చింది” అన్న కబురు వచ్చినా, ఏది ముందయితే అప్పుడు ఆగు.

తిరిగి లేచేటప్పుడు

ఇక్కడొక చమత్కారమైన చిక్కు ఉంది. కంప్యూటర్ పద్ధతిగా ఆగుతూ ఉంది. సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. యూపీఎస్ ఆగలేదు కనుక, కంప్యూటర్‌కు వచ్చే కరెంటు ఒక్క క్షణమైనా తెగలేదు. “కరెంటు పోయి వస్తే లేవాలి” అన్న ఆజ్ఞతో ఉన్న కంప్యూటర్ లేవదు! ఎవరూ లేని రాత్రి అది అలాగే పడి ఉంటుంది. అందుకే మంచి ఏర్పాటులో, కంప్యూటర్ ఆగిన తరువాత యూపీఎస్ కావాలనే కొన్ని సెకన్లు తన సరఫరాను తెంచి, మళ్ళీ ఇస్తుంది. బ్యాటరీ కొంతైనా నిండాకనే లేవమని చెప్పడం ఇంకా మంచిది.

పెద్ద గ్రిడ్‌కూ ఇదే పాఠం

2012 జులై 30న ఉత్తర భారత విద్యుత్ గ్రిడ్ కుప్పకూలింది. మరునాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలాయి. దాదాపు 60 కోట్ల మంది నివసించే ప్రాంతం చీకటిపాలైంది. మన దక్షిణ గ్రిడ్ అప్పటికి వాటితో ఒకే పౌనఃపున్యంలో కలిసి లేదు కనుక తప్పించుకుంది. రాయచూరు–షోలాపూరు 765 కిలోవోల్టుల లైనుతో 2013 డిసెంబరు 31న అదీ కలిసింది.

గ్రిడ్ పౌనఃపున్యం 50 హెర్ట్జ్ ఉండాలి. వాడకం ఉత్పత్తిని మించితే అది తగ్గుతుంది. 49.4 దాకా పడితే సబ్‌స్టేషన్లలోని రిలేలు ఎవరి ఆజ్ఞ కోసమూ చూడకుండా కొన్ని ఫీడర్లను కత్తిరిస్తాయి. కొన్ని ఊళ్ళు కాసేపు చీకట్లో ఉంటాయి, దేశమంతా కూలిపోకుండా నిలుస్తుంది. చూశారా? బల్ల కింది పెట్టెకూ, దేశమంత గ్రిడ్‌కూ సూత్రం ఒకటే. సమయం ఉండగా పద్ధతిగా కొంత ఆపితే, పద్ధతి లేకుండా అంతా ఆగే ప్రమాదం తప్పుతుంది.

చేసి చూడండి

మీ ఉపాధ్యాయుల అనుమతితో, వారి సమక్షంలోనే చేయండి. యూపీఎస్‌కు కంప్యూటర్ బదులు పాతరకం 100 వాట్ల ఫిలమెంటు బల్బు కలపండి. గోడ ప్లగ్గు స్విచ్ ఆపి, గడియారం చూడండి. “అయిపోవచ్చింది” అన్న వేగమైన కూత ఎన్ని నిమిషాలకు వచ్చిందో రాసుకొని ప్రయోగం ఆపండి. బ్యాటరీ నిండాకనే కంప్యూటర్‌ను మళ్ళీ కలపండి. ఆరు నెలలకొకసారి ఇలా చేస్తే బ్యాటరీ ముసలితనం మీ నోటుపుస్తకంలో కనిపిస్తుంది.

జాగ్రత్త: బ్యాటరీని విప్పకండి, దాని కొనలను లోహంతో కలపకండి. లోపల గంధకామ్లం ఉంది, సీసం విషం. పాత బ్యాటరీని చెత్తలో వేయక, అమ్మిన దుకాణానికే తిరిగి ఇవ్వాలి.

ఆలోచించండి

1. లేజర్ ప్రింటరును యూపీఎస్‌కు కలపవద్దంటారు. ఎందుకు?
2. ల్యాప్‌టాప్‌కు యూపీఎస్ అవసరం అంతగా ఉండదు. ఎందుకు?
3. 12 వోల్టులు, 9 ఆంపియర్-గంటల కొత్త బ్యాటరీ 100 వాట్ల కంప్యూటర్‌ను ఎన్ని నిమిషాలు నడపగలదు? పై పద్ధతిలోనే లెక్కించండి.

జవాబులు: 1. అచ్చువేసేముందు అది వేడెక్కడానికి ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది. చిన్న యూపీఎస్ ఆ భారం మోయలేదు. 2. దాని బ్యాటరీ దానిలోనే ఉంది; తగ్గినప్పుడు తానే పద్ధతిగా ఆగుతుంది. 3. సుమారు 26 నిమిషాలు.