తీర్థంలో చరిత్రకు చోటు

ప్రశ్న: మాది పద్మనాభం దగ్గర పల్లె. మా ఊరి తీర్థం కళ తప్పింది. 1794 నాటి యుద్ధం ఇతివృత్తంగా మళ్లీ జరపాలని కుర్రాళ్ల ఆలోచన. ఎలా మొదలుపెట్టాలి?

— ఒక పాఠకుడు, విశాఖపట్నం జిల్లా

జవాబు: ఈ కుర్రాళ్లు దారి కోసం దూరం వెళ్లనక్కర్లేదు. పక్కనే విజయనగరం ఉంది. 1757 బొబ్బిలి యుద్ధ జ్ఞాపకం అక్కడ పైడితల్లి కథలో కలిసిపోయి, ఏటా సిరిమానోత్సవంలో పలుకుతోంది. విజయదశమి తర్వాతి మంగళవారం పూజారి పొడవాటి మాను కొసన కూర్చుంటే, ఆ మాను గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. వారం మారదు, దారి మారదు. ఆ పండగ బలం అదే.

పద్మనాభం కథా చిన్నది కాదు. పేష్కస్ (కప్పం) బకాయిల కోసం ఈస్టిండియా కంపెనీ ఒత్తిడి చేసింది. మచిలీపట్నం వెళ్లిపొమ్మన్న ఆజ్ఞను విజయనగరం రాజు చిన విజయరామరాజు ధిక్కరించి పద్మనాభంలో నిలిచాడు. 1794 జూలై 10న అక్కడే నేలకొరిగాడు.

అయితే యుద్ధాన్ని తీర్థం తేదీకి తేవాలి గానీ, తీర్థాన్ని యుద్ధం తేదీకి జరపకూడదు. మొక్కులున్నవాళ్లు పాత రోజుకే వస్తారు.

కథను బుర్రకథగా చెప్పించండి. ఊరేగింపులో కర్రసాము, తప్పెటగుళ్లు ఉండాలి. అంగళ్లలో ఏటికొప్పాక లక్కబొమ్మలకు మంచి చోటివ్వాలి. అద్దె ఆర్కెస్ట్రాకు పోసే డబ్బు ఈ కళాకారులకు ఇవ్వడమే న్యాయం.

పోలీసు, అగ్నిమాపక అనుమతులు ముందే తీసుకోండి. అన్నిటికన్నా ముందు ఊరి పెద్దల దగ్గర కూర్చుని, పాత తీర్థం ఎలా జరిగేదో ఈ వారమే రాసిపెట్టుకోండి.