మోకాలి శస్త్రచికిత్స పొందిన ఎద్దును కాడికి కట్టుట ఎప్పుడు?

బోధను ప్రాంతమున చెఱకును ఎడ్లబండియు చిరకాలము కలిసి నడచినవి. 1931 నాటికి నిజాంసాగరు పూర్తియై మంజీర నీరు కాలువల కెక్కెను. 1937లో శక్కర్‌నగరున నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడెను. చెఱకు ఆడు కాలము వచ్చినదన్న బండ్లు బారులు తీరియుండెడివి. ఆ కర్మాగారము 2015లో మూతపడినది. బరువులు మోయుట ఇపుడు చాలవరకు ట్రాక్టరుల వంతు. అయినను చిన్నరైతు ఇంట ఎడ్లజత నేటికిని పెద్ద ఆస్తియే. జతలో ఒకటి కుంటుపడినచో రెండవది కూడ కొట్టమునకే పరిమితమగును.

కొన్ని ఎడ్లకు, గేదెలకు వచ్చు ఒక జబ్బును గూర్చి పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము. ఉదయమున పశువు లేచి నిలుచును. ఒక వెనుక కాలు కట్టెవలె బిగిసికొని, ముందుకు మడవక వెనుకకు చాచుకొని యుండును. గిట్ట కొన నేలను రాచుకొనును. కొంత దూరము ఈడ్చిన పిమ్మట తటాలున విదిలించినట్లు కాలు విడివడును. నడువగా నడువగా కొంత సర్దుకొనుటయు కలదు. దీనిని బెణుకని తలచి వాతలు వేయించువారు పెక్కుమంది. వాతవలన చర్మము కాలునే గాని కాలి పట్టు విడువదు.

పశువు వెనుక కాలి నడుమ, వెనుకకు పొడుచుకొని కనిపించు కీలు మోకాలు కాదు; అది మన మడమవంటిది. నిజమైన మోకాలు ఇంకను పైన, డొక్కకు చేరువగా నుండును. అచటి చిప్పను క్రింది ఎముకతో మూడు బంధనములు కలిపి పట్టియుంచును. వీనినే జనులు నరము లందురు. లోపలివైపు బంధనము తొడయెముక చివరనున్న గట్టుపై కొక్కెమువలె తగులుకొనినపుడు కాలు మడవదు. వైద్యుడు మత్తుసూది వేసి, చర్మమున చిన్న గాటు పెట్టి, ఆ ఒక్క బంధనమును కోసివేయును. మిగిలిన రెండును చిప్పను నిలుపును. నేర్పరియైన వైద్యునికిది కొద్ది నిమిషముల పని. ముందురాత్రినుండి మేత పెట్టవలదని ఆయన చెప్పినచో తప్పక పాటింపవలెను. నిండు కడుపుతోనున్న పశువును పడవేసినచో కడుపు ఉబ్బి ప్రాణాపాయము కలుగవచ్చును.

చికిత్స ముగిసి లేచిన ఎద్దు సాధారణముగా అప్పుడే కాలు మడచి నడచును. చిక్కంతయు ఇందే యున్నది. "సారూ, మంచిగనే నడుస్తున్నది, ఎల్లుండి నాగలి కట్టవచ్చునా?" అని రైతు అడుగును. నాట్లకాలమైనచో అడుగకయే కట్టును! తెగిన బంధనము వెంటనే మానదు. చిప్ప తన క్రొత్త నడకకు అలవాటుపడవలెను. అంతలోనే దమ్ముచేయు బురదలో దింపినచో కాలు జారును, కీలు వాచును, కుంటు మరల వచ్చును. ఆపైన చికిత్స దండుగయని ఊరంతయు చెప్పుకొనును.

మూడు నాలుగు వారములు కాడి మోపకుండుట మంచిది. కచ్చితమైన గడువును చూచిన వైద్యుడే చెప్పవలెను. కొట్టము నేల పొడిగా నుండవలెను. నునుపైన బండలున్నచో ఇసుక చల్లి, పైన వరిగడ్డి పరచుడు. పేడ ఎప్పటికప్పుడు తీయవలెను. ఎద్దు పండుకొనినపుడు కుట్లకు పేడ అంటినచో చీము పట్టుట ఖాయము. సూదిమందులను వైద్యుడు చెప్పినన్ని దినములు వేయింపవలెను; రెండు వేసి ఊరకొనరాదు. గాయము చుట్టును, గాయముపై గాక, వేపనూనె రాచినచో ఈగలు వ్రాలవు. నిజామాబాదు పసుపు పేరుగన్నదే, కాని కుట్లపై పసుపుముద్ద మెత్తవలదు. దానిక్రింద చీము చేరినను కనబడదు. కుట్లు ఎనిమిది పది దినములకు తీయుదురు. మొదటి రెండు మూడు దినములు కొంచెము వాపుండుట సహజము. వాపు పెరిగి వేడిగా నున్నను, చీము కారినను, ఎద్దు కాలు మోపకున్నను పశువుల దవాఖానకు తెలుపవలెను.

విశ్రాంతి యనగా కట్టుకొయ్యకు కట్టి మరచుట కాదు. వైద్యుని అనుమతితో సమతలమున రెండుపూటల పది పదిహేను నిమిషములు మెల్లగా నడిపింపుడు. చెఱకు మోవు ఒక్కటియే మేతగా పెట్టరాదు. అందలి ఆమ్లము ఒంటికి సున్నము పట్టనీయదు. దానితో వరిగడ్డి, పచ్చిగడ్డి కలిపి, తవుడులో ఖనిజ లవణ మిశ్రమము దినమునకు 30 నుండి 50 గ్రాములు వేయవలెను.

కుక్కల విషయమున మోసము ఇంకను పెద్దది. చెఱకుతోటలో అడవిపందుల వెంటబడు కుక్కకు మోకాలిలోపలి అడ్డబంధనము తెగుట కలదు. పశువైద్య కళాశాలలు రాజేంద్రనగరునను, కోరుట్లయందును కలవు, అచట విచారింపవచ్చును. చికిత్సానంతరము రెండు వారములకే కుక్క కాలు మోపుటచే యజమాని గొలుసు విప్పును. కాని ఎముకకు కోత పెట్టి సరిచేసినచో అది అతుకుటకు రెండు మూడు నెలలు పట్టును. అంతవరకు గొలుసుతోనే నడిపింపవలెను. మంచమెక్కి దూకనీయరాదు, గాయము నాకనీయరాదు, ఒళ్లు పెరుగనీయరాదు.

ఇందు పంచాయతీ చేయదగినది మందు కాదు, బదులు. రైతు ఎద్దును త్వరపడి కట్టుట దయలేక కాదు, అదను పోవునను భయముచేత. ఆ నాలుగు వారములకు ఇరుగుపొరుగు జతలతో వంతు కుదిర్చి, రైతు ఆ ఋణమును తరువాత కూలిగానో దున్నకముగానో తీర్చునట్లు పెద్దలయెదుట మాట చేయింపుడు. గడువు ముగిసిన పిమ్మట మొదట ఖాళీబండికి, మెట్టదారిన, అరగంట మాత్రమే కట్టి చూడవలెను. మరునాడు ఉదయమున ఎద్దు లేచునపుడు ఆ కాలు ఎట్లు వేయుచున్నదో గమనించి, పిమ్మట సగము బరువు వేయింపుడు. బురదపని అన్నిటికన్న చివర.