పన్ను – పని
(లోహము కోసే చిన్న బ్యాండ్ సాకు తగిన బ్లేడు ఎంపిక)

వరి కోసే కొడవలికి కక్కు ఉంటుంది. కట్టెలు కొట్టే కత్తికి ఉండదు. రెండింటినీ చేసినవాడు ఒకే కమ్మరి అయినా, తెగవలసిన వస్తువును చూసి అంచును నిర్ణయించినాడు. పనిని బట్టి పనిముట్టు అనే ఈ పాత వివేకాన్ని యంత్రశాలలో అడుగుపెట్టగానే మనం మరచిపోతున్నాము. తెలుగు బోధించేవారికి ఇనుము కోసే రంపంతో ఏమి పని అని విద్యార్థి మిత్రులకు సందేహం కలుగవచ్చును. దానికి కారణం ఉన్నది.

గత విద్యాసంవత్సరంలో మన వర్క్‌షాపులో ఒకే వారంలో మూడు బ్యాండ్ సా బ్లేడులు పాడయినవి. విద్యార్థుల అజాగ్రత్తే కారణమని అందరమూ తలచినాము. వారిని మందలించిన వారిలో మేమూ ఉన్నాము. తరువాత ఆ బ్లేడులను చేతికి తీసుకొని చూడగా పళ్ళు వరుసగా ఊడిపోయి ఉన్నవి. పిల్లలు కోసినవి అంగుళంలో ఎనిమిదో వంతు మందం గల గొట్టాలు. వారికి ఇచ్చిన బ్లేడుకు అంగుళానికి 6 పళ్ళు మాత్రమే. తప్పు వారి చేతిలో లేదు. మనం చేసిన ఎంపికలో ఉన్నది. దీనిని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బ్లేడు ఎంపికకు మూలసూత్రం ఒక్కటే: కోత జరుగుతున్నంతసేపూ కనీసం మూడు పళ్ళు లోహంలో ఉండవలె. అంగుళానికి 6 పళ్ళు అంటే పన్నుకూ పన్నుకూ మధ్య దూరం అంగుళంలో ఆరో వంతు. గొట్టపు గోడ అంతకన్న పలుచన కాబట్టి అది రెండు పళ్ళ నడుమ సందులో దిగబడుతుంది. వెనుక వచ్చే పన్ను దానిని కోయక కొక్కెం వలె తగులుకొని విరుగుతుంది. అదే గోడకు అంగుళానికి 24 పళ్ళ బ్లేడు వాడితే సరిగా మూడు పళ్ళు ఆనుతవి.

అట్లయితే సన్నని పళ్ళ బ్లేడునే అన్నింటికీ వాడరాదా? వాడరాదు. రెండంగుళాల నిండు కడ్డీ మీద ఆ బ్లేడు పెడితే ఒకేసారి 48 పళ్ళు లోహంలో ఉంటవి. ఒక్కొక్క పన్ను మీద పడే ఒత్తిడి తగ్గిపోతుంది. పళ్ళ సందులు రజనుతో నిండిపోతవి. అప్పుడు బ్లేడు కోయడం మాని రాచుకుంటుంది, వేడెక్కి మొద్దుబారుతుంది, కోత వంకర పోతుంది. అందువలన 6 మొదలు 12 పళ్ళ వరకు లోహంలో ఉండడం ఉత్తమమనీ, 24 మించరాదనీ అనుభవజ్ఞులు చెబుతారు.

ఈ లెక్క ప్రకారం పావు అంగుళం నుండి అంగుళం వరకు మందానికి 10/14 బ్లేడు తగినది. 10/14 అనగా పళ్ళ ఎడం ఒకే తీరుగా లేక, అంగుళానికి పది నుండి పదునాలుగు వరకు మారుతూ ఉండడం. దీనివలన అదురు తగ్గుతుంది. రెండంగుళాలు మొదలు నాలుగంగుళాల నిండు కడ్డీలకు అంగుళానికి 6 పళ్ళు చాలును. యాంగిల్ ఇనుమును వైస్‌లో బిగించేటప్పుడు మూల పైకి వచ్చేటట్లు, ఇంటి కప్పు వలె నిలిపితే రెండు రెక్కలూ సమంగా తెగుతవి.

ఇక బ్లేడు లోహాన్ని గురించి. కార్బన్ స్టీలు బ్లేడు చవక. కాని సుమారు 200 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే దాని పన్ను మెత్తబడుతుంది. బై-మెటల్ బ్లేడులో వెన్ను వంగే ఉక్కు; పళ్ళ కొనలు మాత్రం హైస్పీడ్ స్టీలు. అది సుమారు 600 డిగ్రీల వరకు గట్టిదనం కోల్పోదు. ధర ఎక్కువైనా ఎక్కువ కోతలు ఇస్తుంది.

చిన్న యంత్రాలలో విరివిగా కనిపించే కొలత 64½ అంగుళాల పొడవు, అర అంగుళం వెడల్పు, 0.025 అంగుళం మందం. అయినను కొనేముందు మన యంత్రాన్ని కొలిచి చూడవలె. మందం ఎక్కువైతే బలమెక్కువ అనుకోవడం పొరపాటు. చిన్న చక్రాల మీద మాటిమాటికీ వంగవలసి వచ్చిన మందపు బ్లేడు త్వరగా పగులుతుంది.

వేగమూ ముఖ్యమే. మామూలు ఇనుముకు నిమిషానికి సుమారు 100 అడుగులు సరిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకు ఇంకా తగ్గించవలె, అల్యూమినియముకు పెంచవచ్చును. కొత్త బ్లేడు వేసిన తరువాత మొదటి కొన్ని కోతలకు ఒత్తిడి సగమే ఉంచవలె. పాత బ్లేడు సగం కోసి విడిచిన గాడిలో కొత్త బ్లేడును దింపరాదు. గాడి ఇరుకై అది పట్టుకుపోతుంది. బ్లేడు మార్చేముందు ప్లగ్గు తీయడం, చుట్ట విప్పేటప్పుడు అది ఎగిరి ముఖానికి తగలకుండా చూసుకోవడం ఎన్నడూ మరువరాదు.

కళాశాల పాలకవర్గానికి మా మనవి చిన్నది. చవకగా దొరికినదని ఒకే రకం బ్లేడులు డజన్ల కొలది కొనవద్దు. అంగుళానికి 24, 10/14, 6 పళ్ళు గల మూడు రకాల బై-మెటల్ బ్లేడులు కొన్ని కొన్ని తెప్పించి, ఏ మందానికి ఏది తగునో తెలిపే పట్టికను తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాయించి యంత్రం పక్కన తగిలించవలెనని కోరుతున్నాము. ఆ పట్టిక వ్రాసే పనిని మేమే సంతోషంగా స్వీకరిస్తాము. తెలుగులో రంపానికి ‘పళ్ళు’ అంటాము. ఉర్దూలో ‘దందానా’ అంటారు. పన్ను అనే అర్థం గల ‘దందాన్’ అనే పారశీక పదం నుండి అది పుట్టినది. రెండు భాషలవారూ రంపంలో చూసినది ఒక్కటే.

విద్యార్థులకు మరొక మాట. బ్లేడు విరిగితే కొత్తది కొనవచ్చును. తాను చేతకానివాడినని ఒకసారి నమ్మిన పిల్లవానికి ధైర్యం తిరిగి కలిగించడం అంత సులభం కాదు. ఆ వారం మిమ్మల్ని మందలించినందుకు మేము చింతిస్తున్నాము. ఇకమీదట యంత్రం దగ్గరకు వెళ్ళినప్పుడు ముందుగా లోహపు మందం కొలవండి, తరువాత పళ్ళు లెక్కించండి. మూడు పళ్ళు ఆనకపోతే, ఇచ్చినవారు ఎవరైనా సరే, “ఈ బ్లేడు దీనికి తగదు” అని వినయంగా చెప్పండి. అలా చెప్పగలిగిననాడు మీ చదువు చేతికి వచ్చినట్లే.