మందుచీటిలో తిండి సరకులు

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రమున మౌండ్ బేయూ పట్టణమందు 1967లో ఒక ఆరోగ్యకేంద్రము తెరువబడెను. రోగులలో పెక్కురు నల్లజాతివారగు ప్రత్తికూలీలు. యంత్రములు వచ్చి పని పోయినవారు. బిడ్డల జబ్బులకు ఆకలియే మూలమని కనుగొని, డాక్టరు జాక్ గైగరును తోడివైద్యులును మందుచీటిపై ఆహారపదార్థములు వ్రాసిరి. అంగళ్లవారు సరకులిచ్చి కేంద్రపు మందుల పద్దునకు లెక్క పంపిరి. మందుల సొమ్ము తిండికేల యని పైయధికారులు ప్రశ్నింపగా, ఆకలిజబ్బునకు వైద్యగ్రంథములు చెప్పెడి చికిత్స ఆహారమే యని గైగరు బదులిచ్చెను. సరియైన జవాబు! కేంద్రమువారు నూతులు త్రవ్వించిరి, ఇండ్లును బాగుచేయించిరి.

అయినను చీటి వ్రాయువారు లేనినాడు తిండి యెట్లు? అందువలన 1968లో ఆ కుటుంబములే సహకార సేద్యసంఘముగా నేర్పడి, ప్రత్తిసీమలో కూరగాయలు పండించుకొనిరి. పనిచేసిన సభ్యులకు కూలి కొంత రొక్కముగను, కొంత పంటగను ముట్టుచుండెను.