పదవి భర్తది, సేవ తనది
(శ్రీమతి దుర్గాబాయమ్మగారి చరిత్రమునుండి యొక పాఠము)



గవర్నరుగారి సతీమణి యనిన మనకు దోచునది యేమి? ఆస్పత్రికి పునాదిరాయి, పాఠశాలలో బహుమతిప్రదానము, పూలమాల. ఆ పనులు నింద్యములు గావు. కాని యా గౌరవము భర్త పదవితో వచ్చి, పదవితో పోవును. పోనిసేవ యెట్టిదో దుర్గాబాయమ్మగారి చరిత్రము తెలుపుచున్నది.

ఆమె 1909వ సంవత్సరమున రాజమహేంద్రవరమున జన్మించెను. వీరేశలింగముగారు 1881 డిసెంబరు 11వ తేదీన ప్రథమ వితంతువివాహము జరిపించిన పట్టణమే యది. అయినను శైశవవివాహమను దురాచార మప్పటికిని తొలగలేదు. ఎనిమిదవయేటనే యామెకు పెండ్లి చేసిరి. యుక్తవయస్సు వచ్చిన పిదప నామె కాపురమునకు బోనని నిశ్చయించుకొనగా, తండ్రి యామె పక్షముననే నిలిచెను.

బాల్యముననే కాకినాడలో బాలికలకు హిందీపాఠశాల నడపెను. ఉప్పుసత్యాగ్రహమున కారాగృహమునకేగెను. పిమ్మట మరల పుస్తకము పట్టి, మెట్రిక్యులేషను మొదలు న్యాయశాస్త్రము వరకు చదివెను. తాను చదువుచునే తోడిస్త్రీలకు చదువు చెప్పి, 1937లో మదరాసున ఆంధ్రమహిళాసభను స్థాపించెను. పిదప రాజ్యాంగసభలో సభ్యురాలయ్యెను.

మొదటి భర్త 1941లో మరణించెను. ఆయన రెండవభార్య నిరాధారయై యుండగా, దుర్గాబాయమ్మగారే యామెకాశ్రయమిచ్చి చేతిపనుల శిక్షణ మిప్పించిరి. సవతి యను మాట కిట్టి యర్థము కల్పించినవా రెందరు?

1953 జనవరిలో చింతామణి దేశముఖుగారిని వివాహమాడిరి. ఆయన 1943 మొదలు 1949 వరకు రిజర్వుబ్యాంకు గవర్నరు. ఆ పదవినందిన మొదటి భారతీయుడు. వివాహమునాటికి ఆర్థికమంత్రి. కాని యామె కీర్తికాయన పదవి కారణము గాదు, మహిళాసభకప్పటికే పదునారేండ్లు. ఆ యేడాదియే కేంద్ర సాంఘికసంక్షేమ మండలికి అధ్యక్షురాలయ్యెను. బడి మానిన వయోజనస్త్రీలకు స్వల్పకాలమున చదువు ముగించు తరగతు లా మండలి 1958లో నారంభించెను. 1975లో దంపతులిరువురకును పద్మవిభూషణము లభించెను. 1981లో ఆమె కన్నుమూసెను.

బాలికల వివాహవయస్సును 1929 నాటి చట్టము పదునాలుగేండ్లుగా నిర్ణయించెను, నేడది పదునెనిమిది. చట్టము శిక్షింపగలదు గాని, కన్నతండ్రివలె బిడ్డప్రక్కన నిలువజాలదు. మన హనుమాన్ జంక్షన్‌నుండి నాలుగు దిక్కులకును త్రోవలున్నవి. కన్నకుమార్తెకు మాత్రము అత్తవారింటి త్రోవ యొక్కటే చూపుట న్యాయమా? ఆ తండ్రికి గలిగిన ధైర్యమును పరమేశ్వరుడు మనకును బ్రసాదించుగాక!