వెనక అద్దం దగ్గర నేర్చుకున్నవి

విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఎనిమిదేళ్లు కార్ల వైరింగ్ పని చేశాను. చూపు ఆనక ఇప్పుడు మానేశాను. మొన్న ఒక కుర్ర మెకానిక్ ఫోన్ చేసి, పాత స్టేషన్ వ్యాగన్ వెనక వైపర్ ఆడడం లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి మేస్త్రీ గారూ అని అడిగాడు. పది నిమిషాల్లో చెప్పేయవచ్చనుకున్నాను. చెబుతుంటే నేను చేసిన పొరపాట్లన్నీ ఒక్కొక్కటే లేచి వచ్చాయి. నాయనా, ఫోన్లో సగంలో ఆపినవి ఇక్కడ రాస్తున్నాను.

1. వెనక అద్దం అలంకారం కాదు.

మన దేశంలో స్టేషన్ వ్యాగన్లు ఎప్పుడూ తక్కువే. 1992లో టాటా ఎస్టేట్ వచ్చింది, 2004లో ఇండిగో మెరీనా వచ్చింది. డిక్కీ విడిగా పొడుచుకొచ్చే కార్లకే అలవాటుపడ్డ నాకు, వ్యాగన్ వెనక వైపర్ అనవసరపు సోకులా కనిపించేది. అది ఎందుకుందో చాలాకాలం ఆలోచించనే లేదు. వ్యాగన్ కప్పు వెనకదాకా సాగి అక్కడ ఒక్కసారిగా తెగిపోతుంది. కప్పు మీదుగా వచ్చే గాలి అద్దాన్ని అంటకుండా విడిపోతుంది. ఆ వెనక ఏర్పడే వెలితిలోకి చక్రాలు లేపిన దుమ్మూ బురదనీళ్లూ సుడి తిరిగి వచ్చి అద్దం మీదే పడతాయి. వాన వెలిశాక కూడా తడిరోడ్డు మీద కాస్త దూరం పోతే చాలు, అద్దానికి మట్టిపూత పూసినట్టే ఉంటుంది.

ఒక వానాకాలం రిటైరైన మాస్టారు ఒకాయన వైపర్ ఆడడం లేదని బండి తెచ్చారు. "ముందుకు పోయే బండికి వెనక అద్దంతో పనేముంది, వదిలేయండి మాస్టారూ" అని పంపేశాను. పది రోజులకు ఆయన ఇంటి ముందు రివర్సు తీస్తూ మనవడి సైకిల్‌ని తొక్కించారు. పిల్లవాడు దిగి అరుగు ఎక్కి నిమిషం కూడా కాలేదట. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. జరిగింది చెప్పి, "ఇప్పుడైనా ఒకసారి చూస్తారా?" అన్నారు.

1903లో అమెరికాలో మేరీ ఆండర్సన్ అనే ఆమె వైపర్‌కు పేటెంట్ పొందింది. మంచు కురిసే రోజున ట్రామ్ నడిపేవాడు దారి కనబడక పడే అవస్థ చూసి ఆమెకు ఆ ఊహ పుట్టింది. ఊరికే బండెక్కిన మనిషికి కనిపించిన అవస్థ, బండ్లు బాగుచేసి బతికే నాకు కనిపించలేదు.

2. తీగను విచారించకుండా మోటారుకు శిక్ష వేయకు.

మాస్టారి బండిలో ఫ్యూజు బాగానే ఉంది. అంతే, మోటారు పోయిందని తేల్చేశాను. ఆ మోడల్ సామాను అప్పటికే దొరకడం గగనం. పాత బండ్ల సామాను అమ్మే కొట్లన్నీ తిరిగి ఒక మోటారు తెచ్చి బిగించాను. కదల్లేదు. అదీ చెడ్డదేమోనని ఇంకొకటి తెచ్చాను. అదీ కదల్లేదు. మూడో రోజు వెనక తలుపు దించుతుంటే వైపర్ ఒక్కసారి ఉలిక్కిపడి ఆగింది. అప్పుడు తట్టింది నాకు.

కప్పులోంచి తలుపులోకి తీగలు ఒక రబ్బరు తొడుగు గుండా వెళతాయి. తలుపు ఎత్తినప్పుడల్లా, దించినప్పుడల్లా అవి వంగి లేస్తుంటాయి. ఏళ్ల తరబడి అలా నలిగితే లోపలి రాగి పోగులు తెగిపోతాయి. పై ప్లాస్టిక్ మాత్రం కొన్నిసార్లు చెక్కుచెదరకుండా ఉండి కంటిని మోసం చేస్తుంది. తొడుగు జరిపి చూస్తే రెండు తీగలు తెగి ఉన్నాయి. అతికాను. వైపర్ ఆడింది. పైకి బాగానే కనబడిన మూడోదాన్ని ముట్టుకోలేదు.

కాబట్టి ముందుగా మోటారు ప్లగ్గు దగ్గర టెస్ట్ ల్యాంప్ పెట్టు. స్విచ్ వేస్తే దీపం వెలిగిందా, ఎర్త్ సరిగ్గా ఉందా, ఈ రెండూ చూశాకే మోటారును అనుమానించు. దీపం వెలగకపోతే తొడుగు విప్పు. తెగిన చోటే మెలిపెట్టి సోల్డర్ చేసి వదలకు. సోల్డర్ పాకిన తీగ పుల్లలా బిరుసెక్కి, దాని పక్కనే మళ్లీ తెగుతుంది. వంగే భాగం మొత్తం కోసేసి, సన్నపోగుల మెత్తటి తీగ వేసి, అతుకులు రెండు కొసలా వంపు తగలని చోటికి తీసుకుపో.

ఆ సాయంత్రం మాస్టారి అసలు మోటారును బ్యాటరీకి తగిలించి చూశాను. నిక్షేపంలా తిరిగింది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. రెండు మోటార్ల ఖరీదూ ఆయన పెన్షన్ డబ్బులోంచే లెక్కపెట్టి ఇచ్చారు.

3. ఫ్యూజు కాపలావాడు.

ఒక బండికి ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే, 10 ఆంపియర్లది తీసి 20 ఆంపియర్లది పెట్టాను. ఫ్యూజు నిలిచింది. దానికి బదులు కప్పు గుడ్డ వెనక తీగ కాలింది. పొగ చూసి దారినపోయేవాళ్లు కేకేశారు కాబట్టి సరిపోయింది. ఇంతకంటే ఈ విషయంలో చెప్పడానికేమీ లేదు.

4. తుప్పుతో కుస్తీ పట్టకు, దానికి ఒక రాత్రి గడువివ్వు.

వైపర్ ఆర్మ్ కింద నట్టు విప్పడం తేలిక. ఆర్మ్ ఊడిరావడమే కష్టం. షాఫ్టు తలకు సన్నటి పళ్లుంటాయి, ఏళ్ల తుప్పు వాటిని ఆర్మ్‌తో కలిపి ఒకే లోహం చేసేస్తుంది. కొన్ని బండ్లలో షాఫ్టు నేరుగా అద్దంలోని రంధ్రం గుండానే బయటికొస్తుంది. అక్కడ సుత్తి దెబ్బ అద్దానికి తగిలినట్టే. వెనక అద్దం టఫెన్డ్ గాజు. అది బీట ఇవ్వదు, ఒక్కసారిగా పొడిపొడై రాలిపోతుంది.

నా దగ్గర పదహారేళ్ల కుర్రాడు ఒకడు పని నేర్చుకుంటుండేవాడు. చురుకైన చెయ్యి. ఒక మధ్యాహ్నం బండి యజమాని తొందరపెడుతుంటే, నేను వాడి మీద అరిచాను: "ఇంకా రాలేదా? ఒక్కటి కొట్టరా!" కొట్టాడు. గాజు గింజలు వాడి ఒడి నిండా పడ్డాయి. వాడు తెల్లబోయి నా వైపు చూశాడు. కొట్టమన్నది నేనేనని యజమాని ముందు ఒప్పుకోవలసిన క్షణం అది. నేను వాణ్ని తిట్టాను. అందరూ చూస్తుండగా, నోటికొచ్చినట్టు తిట్టాను. మర్నాడు వాడు రాలేదు. వాళ్ల అమ్మ వచ్చి వాడి టిఫిన్ డబ్బా అడిగి పట్టుకెళ్లింది. వెళ్లి పిలుచుకు రావలసింది. రేపు వెళదాం, ఎల్లుండి వెళదాం అనుకుంటూ వెళ్లలేదు.

పద్ధతి ఇది. ఆర్మ్ ఆగి ఉన్న చోటును అద్దం మీద టేపు అంటించి గుర్తుపెట్టుకో. నట్టు వదులు చేసి, డబ్ల్యూడీ-40 కొట్టి రాత్రంతా వదిలెయ్. పొద్దున చిన్న రెండుకాళ్ల పుల్లర్ తగిలించి కొద్దికొద్దిగా బిగించు. టక్కుమని వదులుతుంది. ఆ పుల్లర్ ఆ రోజు కూడా నా పెట్టెలోనే ఉంది.

5. బిగుసుకున్న షాఫ్టుకు పైన చుక్క నూనె వైద్యం కాదు.

చాలా మోటార్లలో ఉక్కు షాఫ్టు అల్యూమినియం గొట్టంలో తిరుగుతుంది. పైనున్న రబ్బరు సీలు ఎండిపోయి నీళ్లు దిగితే లోపల తెల్లటి పొడి పుట్టి షాఫ్టును పట్టేస్తుంది. మోటారు మొండిగా లాగి వేడెక్కుతుంది, ఫ్యూజు పోతుంది. మూడో పాఠంలో చెప్పిన బండి జబ్బు ఇదే. నేను పైనుంచి వాడేసిన ఇంజన్ ఆయిల్ పోసి పంపేవాణ్ని. నెల తిరక్కుండా అవే బండ్లు మళ్లీ వచ్చేవి. క్లిప్పు తీసి షాఫ్టు బయటికి లాగి, సన్న ఎమరీ కాగితంతో రుద్ది, గొట్టం కిరసనాయిలుతో కడిగి, లితియం గ్రీజు పూసి, కొత్త సీలు వెయ్యి. అద్దం కడిగే నీళ్ల పైపు ఆ దగ్గర్లోనే వెళుతుంటే అది కారుతోందేమో చూడు.

6. సరైన చోట ఆగడం కూడా పనే.

స్విచ్ ఆపగానే వైపర్ ఉన్నచోటే ఆగిపోదు, కిందికి వచ్చి పడుకుంటుంది. మోటారు లోపల గేరు మీద రాగి పట్టీ ఉంటుంది. స్విచ్ ఆపినా ఇంకో తీగ ద్వారా వచ్చే కరెంటు, వైపర్ తన చోటికి చేరేదాకా ఆ పట్టీ మీదుగా నడుస్తుంది. ఆ తీగ తెగితే వైపర్ అద్దం మధ్యలో ఆగిపోతుంది. మోటారు తప్పు లేదు.

మాస్టారి బండిలో నేను ముట్టుకోని మూడో తీగ అదే. వైపర్ మధ్యలో ఆగుతోందని ఆయన చెబితే, "కిందికి వచ్చినప్పుడు చూసుకుని స్విచ్ ఆపండి, సరిపోతుంది" అన్నాను. ఆయన తలూపారు. పిల్లలకు పాఠం చెప్పిన మనిషి, నా మాటను పాఠంలా విన్నారు.

పని మానేసిన ఏడాది, ఆ పాత మోటారూ రెండు మోటార్ల డబ్బూ తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆయన పోయి అప్పటికి ఎనిమిది నెలలు. కోడలు మంచినీళ్లిచ్చింది. "వైపర్ కిందికొచ్చేదాకా చూసి ఆపాలమ్మా, మేస్త్రీ గారు చెప్పారు అని మా అందరికీ నేర్పించారండీ" అంది. నేను తెచ్చిన డబ్బు ఎందుకో ఆమెకు చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

బండి పెరట్లో వేపచెట్టు కింద ఉంది. అద్దం నిండా ఆకులు. కళ్లద్దాలు తుడుచుకుని, చీకటిపడేలోగా ఆ మూడో తీగ కలిపాను.