గజ్జలలో గడ్డ: ఆంత్రవృద్ధిని గూర్చిన పాఠము

పొత్తికడుపు దిగువను, గజ్జయొద్ద, నొప్పిలేని గడ్డ కనబడినచో పలువురు సిగ్గుచే దాచుదురు. అన్ని గడ్డలును ఒక్కటి కావు, వైద్యుడే నిర్ణయింపవలెను. అయినను నిలుచున్నప్పుడును దగ్గినప్పుడును ఉబ్బి, పరుండినపుడు లోనికి పోవునది సాధారణముగా ఆంత్రవృద్ధి, అనగా హెర్నియా. పొట్టగోడ బలహీనమైన చోట పేగుగాని క్రొవ్వుగాని వెలుపలికి త్రోసికొని వచ్చుటయే దీని స్వరూపము. పురుషులకు ఇది హెచ్చు. స్త్రీలకు తొడ మొదట వచ్చునది చిన్నదైనను త్వరగా బిగిసికొనును.

పెద్దవారికి ఇది మందులచేత మానదు. 1887లో ఇటలీ శస్త్రవైద్యుడగు ఎడోఆర్డో బస్సీనీ తన కుట్టు పద్ధతిని ప్రకటించినది మొదలు శస్త్రచికిత్స నమ్మదగినదయ్యెను.

అపాయ చిహ్నములు: గడ్డ లోనికి పోక గట్టిపడుట, తీవ్రమైన నొప్పి, వాంతులు, కడుపుబ్బరము, మలవాయుబంధము. ఇట్లైనచో పేగునకు రక్తప్రసారము నిలిచి, కొన్ని గంటలలోనే అది కుళ్లవచ్చును.

అట్టి రోగికి ఆహారముగాని విరేచనౌషధముగాని ఈయరాదు. గడ్డను పిసుకరాదు, కాపడము పెట్టరాదు. తెల్లవారువరకు వేచియుండక, శస్త్రచికిత్స జరుగు ఆసుపత్రికి తత్క్షణమే పంపవలెను.

బరువులు మోయు పనివారికి అధికారులు ఈ చిహ్నములను ముందుగనే తెలియజేయుట యుక్తము. సిగ్గుచే దాచిన గడ్డ ప్రాణము తీయవచ్చును. వేళకు చూపినది నయమగును.